బిళ్ల వేస్తే నీళ్లు

2025 ఏప్రిల్ 3, గురువారం. అమ్రాబాద్

మాపటేళ నీళ్ల ఫిల్టరు దగ్గర లొల్లి. పై వాడకట్టు పిల్లగాడు క్యాను పెట్టి ఐదు రూపాయల బిళ్ల వేశాడు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బిళ్ల లోపల పడ్డ చప్పుడు వాడికీ వినబడింది, నాకూ వినబడింది. నీళ్లు మాత్రం రాలేదు. "సారూ, మీ మిషిని నా బిళ్ల మింగింది" అని నా మీదికి వచ్చాడు. మిషను నాది కాదు, మా అన్న కొడుకుది. పింఛను తీసుకుంటూ ఎదురింటి అరుగు మీద కూర్చునే పాత సైన్సు సారును కాబట్టి, దాని మంచిచెడ్డలన్నీ ఊరివాళ్లు నాకే అప్పజెప్పారు. జేబులోంచి ఇంకో బిళ్ల తీసి వాడి చేతిలో పెట్టాను. కరెంటు వచ్చేదాకా క్యాను మీద కూర్చుని, నీళ్లు పట్టుకునే పోయాడు.

కరెంటు మధ్యలో పోతే తప్ప ఆ మిషను ఎవరి పైసలూ ఉత్తగా ఉంచుకోదు. మూత తీసి చూస్తే లోపల పెద్ద మర్మం కూడా ఏమీ లేదు. తీగ చుట్టలు, వాటి నడుమ ఇరికించిన ఒక నమూనా బిళ్ల. పైనుంచి వేసిన బిళ్ల ఆ చుట్టల పక్కగా జారుతుంది. లోహం, మందం, వెడల్పు నమూనాతో కలిస్తే గల్లాలోకి పోతుంది, కలవకుంటే ముందున్న గిన్నెలోకి వచ్చి పడుతుంది. కలిసిందన్న కబురు అందగానే సోలినాయిడ్ వాల్వు తెరుచుకుంటుంది, క్యానులోకి ధార మొదలవుతుంది.

చిక్కంతా ఆ నమూనాతోనే. మావాడు ఇరికించింది 2011 రకం ఐదు రూపాయల బిళ్ల. వెడల్పు 23 మిల్లీమీటర్లు, బరువు 6 గ్రాములు. 2019 రకం కొత్తది 25 మిల్లీమీటర్లు, 6.74 గ్రాములు. రెండు రూపాయల బిళ్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు: 2011ది 25, 2019ది 23. అంటే పాత రెండు కొత్త ఐదంత ఉంది, కొత్త రెండు పాత ఐదంత ఉంది! వెడల్పు ఒక్కటే చూసే మిషనైతే రెండు రూపాయలకే క్యాను నింపి పంపేది. మేలు ఏమిటంటే రెండు రూపాయలది ఉక్కు, ఐదుది నికెల్ కలిపిన ఇత్తడి. బడిలో ఉన్నప్పుడైతే పిల్లల చేతికి అయస్కాంతం ఇచ్చి చూడమనేవాణ్ని: రెండు అతుక్కుంటుంది, ఐదు అతుక్కోదు.

కొత్త బిళ్ల గిన్నెలో టంగుమని పడగానే ఈ పాఠమంతా ఎవరు వింటారు? "సర్కారు బిళ్ల చెల్లదా?" అని గొడవ. మావాడు విసిగిపోయాడు. "చిన్నాయనా, ఈ బిళ్లల పంచాయితి నాతోని కాదు. పెట్టె పీకేసి క్యూఆర్ పెడ్త" అన్నాడు. పెట్టుకో అనలేదు, వద్దనీ అనలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి

పానకానికి గుడివాళ్లు పొద్దుగాలనే క్యాన్లు తీసుకుపోయారు. వాటికి బిళ్లలు అడగలేదు. దేవుడి పనికి లెక్క లేదంటాడు మావాడు, ఆ మాటలో వాళ్ల నాయన వినిపిస్తాడు.

బిళ్లల తిరుగుడు ఒకటి రాసిపెట్టాలి. రాత్రి ఎనిమిదిన్నరకు వాడు గల్లా తాళం తీస్తాడు. గోనెసంచి పరిచి బిళ్లలు కుమ్మరించి, పది పది చొప్పున దొంతులు పెడతాడు. పొద్దున వాటిని పక్కనున్న కిరాణంలో ఇచ్చి నోట్లు తీసుకుంటాడు. కిరాణం వదినె ఆ బిళ్లలనే చిల్లర కోసం వచ్చినవాళ్లకు ఇస్తుంది. వాళ్లు అక్కణ్నుంచి నాలుగు అడుగులు వేసి వాటినే మిషనులో వేస్తారు. రాత్రికి మళ్లీ గోనెసంచి. ఇది నిజమా, నా ఊహా అని తేల్చుకోవడానికి మనవరాలి గోళ్లరంగు ఒక బిళ్ల అంచుకు పూసి వదిలాను. వారం తిరక్కుండా గోనెసంచి మీదికి వచ్చింది. మనవరాలికి నా ప్రయోగం కంటే రంగు అయిపోవడమే పెద్ద విషయం.

మనిషి అక్కరలేని మిషను అని చెప్పి అమ్ముతారు వీటిని. మా వీధిలో దాని చుట్టూ ఎంతమంది పనిచేస్తున్నారో కొన్నవాడికే తెలుసు. చిల్లరకు వదినె, ముసలివాళ్ల బిందె ఎత్తి తలమీద పెట్టడానికి ఆటో పిల్లలు, తగవులకు నేను.

పది రూపాయల బిళ్ల మాత్రం ఈ తిరుగుడులోకి రానే రాదు. అది చెల్లదని మన దగ్గర ఎప్పుడో ఒక పుకారు పుట్టింది, ఇప్పటికీ చావలేదు. పదిలో 14 రకాల నమూనాలున్నాయి, అన్నీ చెల్లుతాయి అని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటన ఇచ్చింది. నేను ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి కిరాణం తలుపుకు అంటించాను. వదినె చదివింది. "మీరు జెప్తే నిజమే సారూ, గని నేను తీస్కుంటే నా దగ్గర ఎవలు తీస్కుంటరు?" అంది. దీనికి రిజర్వు బ్యాంకు దగ్గరా జవాబు ఉండదు.

ఏప్రిల్ 9, బుధవారం

క్యాను నిండడం లేదని రెండిళ్లవాళ్లు అడిగారు. నిజమే. ఆ పెట్టె టైముతో నడుస్తుంది: ఇన్ని సెకన్లు వాల్వు తెరువు, తర్వాత మూయి. ఎండాకాలం వోల్టేజీ పడిపోతే మోటారు ఒత్తిడి తగ్గుతుంది, అదే సెకన్లలో నీళ్లు తక్కువ పడతాయి. గంట లెక్కన కూలి ఇచ్చే చోట పని లెక్క అడిగితే ఎట్లా? పైపులో చిన్న చక్రం తిరుగుతూ లీటర్లు కొలిచే ఫ్లో సెన్సారు ఒకటి దొరుకుతుంది. తెప్పించమన్నాను. మావాడు బేరం లేకుండా ఒప్పుకున్నాడు. కొలత మీద మాట పడితే వాడికి నిద్రపట్టదు.

ఏప్రిల్ 12, శనివారం. చైత్ర పౌర్ణమి

సలేశ్వరం జాతర. అడవి లోయలోని లింగమయ్య దగ్గరికి తోవ తెరిచేది ఏడాదికి ఈ పౌర్ణమి నాళ్లలోనే. హైదరాబాదు వైపు నుంచి బండ్లన్నీ శ్రీశైలం రోడ్డున మన్ననూరు మీదుగా పోతాయి కాబట్టి మా ఊళ్లోకి ఆ రద్దీ రాదు. కానీ మా నీళ్లు అక్కడికి పోతాయి. తెల్లవారుజాము నుంచి ట్రాలీ ఆటోలు ఫిల్టరు ముందు వరుస కట్టాయి. మూడు ఊళ్ల యువకులు కలిసి మన్ననూరు దాటాక చలివేంద్రం పెట్టారట. వాళ్లకు బిళ్లల పెట్టె పనికిరాదు. మావాడు పక్కనున్న పెద్ద నల్లా విప్పి పెట్టాడు.

నీళ్లు అమ్మడమా అని మా అమ్మ బతికి ఉంటే ముక్కున వేలేసుకునేది. ఎండాకాలం పందిరి వేసి, ఇసుక మీద కుండలు పెట్టి, దారినపోయేవాడి దోసిట్లో పోయడం మన వాడుక. దాన్ని పుణ్యం అన్నారేగాని బేరం అన్లేదు. అయితే నేను లెక్క వేసి చూశాను. మా మిషనులో 20 లీటర్లు 5 రూపాయలు, అంటే లీటరు పావలా. సీసా నీళ్లు లీటరు 20 రూపాయలు. 80 రెట్లు! తిట్టాల్సి వస్తే ముందు ఎవర్ని తిట్టాలో ఆ అంకె చెబుతుంది. పైగా ఆ సీసా ఖాళీ అయ్యాక ఎక్కడ పడుతుంది? 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అడవి ఇది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపలికి తేవద్దని అటవీశాఖ వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. జాతర తెల్లారి లోయలో ఏరిన సీసాలకు ఎన్ని సంచులైనా చాలవు.

నాణెం వేస్తే నీళ్లు ఇచ్చే ఉపాయం కొత్తదేం కాదు. సుమారు రెండు వేల ఏండ్ల కింద అలెగ్జాండ్రియాలో హీరో అనే యంత్రశాస్త్రి గుళ్లో తీర్థానికి సరిగ్గా ఇలాంటిదే వర్ణించాడు. ఐదు ద్రాక్మాల నాణెం వేస్తే అది లోపల తూము మీటకు కట్టిన పళ్లెంలో పడుతుంది. బరువుకు ఆ కొస కిందికి, ఈ కొస పైకి. తూము తెరుచుకుని నీళ్లు కారతాయి. నాణెం పళ్లెం మీంచి జారిపోగానే మీట మళ్లీ వాలి తూము మూసుకుంటుంది. తీగ చుట్ట లేదు, కరెంటు లేదు. కాబట్టి కరెంటు పోయే బెడదా లేదు. ఆ తర్వాత ఎన్నో వందల ఏండ్లు ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. 1883లో లండన్‌లో పోస్టుకార్డులు ఇచ్చే పెట్టెతో ఈ వ్యాపారం మళ్లీ లేచింది. తీర్థానికి నాణెం అడగడం నాకైతే నచ్చలేదు. మన ఉమామహేశ్వరం క్షేత్రంలో పాపనాశనం కాడ రాతి లోంచి బొట్టుబొట్టుగా ఎన్నడూ ఆగకుండా దిగుతుంది నీరు. దోసిలి పట్టినవాడికల్లా అందుతుంది.

మధ్యాహ్నం ఒక సంగతి. పెంట నుంచి, అంటే అడవిలోని చెంచుల పల్లె నుంచి, బియ్యానికి వచ్చిన అవ్వ ఒకామె మిషను ముందు నిలబడింది. చేతిలో పాత సీసా ఒకటి. ఎక్కడ నొక్కాలో వెతుకుతోంది. "సారూ, నాకు ఈ సీసెడే గావాలె. దీనికెంత?" అని అడిగింది. నా దగ్గర మాట లేదు. ఆ మిషనుకు కొద్దిగా అనేది తెలియదు. ఇస్తే 20 లీటర్లు ఇస్తుంది, లేకుంటే ఏమీ ఇవ్వదు. ఇంట్లోకి పోయి కూజా నీళ్లు తెచ్చి సీసా నింపాను. "మీ నీళ్లు సల్లగున్నయి, గా మిషిని నీళ్లు గిట్లుంటయా?" అంది. అవే ఇవి అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

రైలు స్టేషన్లలో 2015 నుంచి పెట్టిన నీళ్ల మిషన్ల పద్ధతి వేరు. సీసా మనది అయితే మొదట్లో 300 మిల్లీలీటర్లకు 1 రూపాయి, లీటరుకు 5 ఉండేది. లీటరు లెక్కన మా కంటే ఎంతో ప్రియం, నిజమే. కానీ దాహం వేసినవాడు లీటర్ల లెక్కన కొనడు.

ఏప్రిల్ 13, ఆదివారం

క్యాన్లు తిరిగి వచ్చాయి. నాలుగింటికి మూతలు లేవు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇవాళ పొద్దంతా ఫిల్టరు గదిలోనే. మెంబ్రేన్లు మార్చారు. బయట నీళ్లు పట్టుకునేవాళ్లకు కనబడేది ఒక గొట్టం, ఒక చీలిక. లోపల సగం గది నిండా సామాను. బోరు నీళ్లు ముందు సింటెక్స్ ట్యాంకులోకి వస్తాయి. అక్కణ్నుంచి ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు. తర్వాత దూదిగొట్టం లాంటి కార్ట్రిడ్జి. కొత్తప్పుడు తెల్లగా ఉంటుంది, తీసేటప్పుడు మా మట్టి రంగులో ఉంటుంది. ఆ తర్వాత పెద్ద మోటారు నీళ్లను మెంబ్రేన్ల మీదికి గుంజుకొట్టినట్టు నెడుతుంది. ఉప్పు వదిలిన నీళ్లు ఒక పక్క, ఉప్పంతా మోసుకుపోయే నీళ్లు ఇంకో పక్క. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ పెన్ను ముంచి చూశాను: బోరువి 800 పైచిలుకు, మిషనువి 60 చిల్లర.

ఆ ఇంకో పక్క పోయే నీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. వచ్చినదాంట్లో సగానికి పైగా అటే పోతుంది. మావాడు ఆ నీళ్లతో క్యాన్లు కడుగుతాడు, ఆటోవాళ్లు బండ్లు కడుక్కుంటారు, మిగిలింది మోరీలోకి. గట్టు మీద ఊరు మాది. కృష్ణమ్మ ఎంతో లోతున, లోయలో పారుతుంది. బోర్లు వేసి వేసి అలిసిన నేల ఇది. ఇక్కడ ఒక బిందె తాగడానికి ఇంకో బిందె మోరీలో పోయడం నాకు మింగుడుపడదు.

ఇంకో ముచ్చట. మా ఇంటి నల్లాకు మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి. అదే పెన్ను నల్లా నీళ్లలో ముంచితే 250 దగ్గర ఆగింది. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం 500 లోపు ఉంటే చాలంటుంది. 500 లోపు ఉన్నచోట ఇలాంటి మెంబ్రేన్ ఫిల్టర్లు, అదే ఆర్వోలు, వద్దనే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో భగీరథ పథకం మొదలైంది, ఆ తర్వాత మా ఇంటి దాకా గొట్టం వచ్చింది. అయినా ఊరు నల్లా నీళ్లతో అంట్లు తోముతుంది, మిషను నీళ్లు తాగుతుంది. ఎందుకని అడిగితే అందరూ ఒకటే చెబుతారు: "అన్నం తెల్లగైతది." పప్పు తొందరగా ఉడుకుతుందనీ అంటారు. అందులో కొంత నిజం ఉంది, మిగతాది అలవాటు. మా ఇంట్లో నేను నల్లా నీళ్లే కాచి తాగుతాను, మా ఆవిడ మిషను నీళ్లు తాగుతుంది. ఒకే వంటింట్లో రెండు కూజాలు. మావాడి వ్యాపారం మీద నాకు ప్రేమ లేకపోలేదు, అట్లని పెన్ను చూపించిన అంకె దాచను.

ఆంధ్రలో 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకం కింద 20 లీటర్లు 2 రూపాయలకు ఇచ్చారు. ఇటు తెలంగాణలో ఐజల్ పేరుతో మహిళా సంఘాలు నడిపే కేంద్రాలూ ఉన్నాయి. మా వీధిలో సంఘం కాదు, ఒక్కడే. కరెంటు బిల్లు, మెంబ్రేన్లు, మోటారు వైండింగు అన్నీ వాడి నెత్తినే. అందుకే వాడు క్యూఆర్ అంటే నాకు కోపం రాదు.

నీళ్ల కోసమే తొలుస్తున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం మన మండలంలోనే దోమలపెంట కాడ కూలి నేటికి రెండు నెలలు. ఫిబ్రవరి 22న 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఇప్పటికి ఇద్దరి దేహాలే బయటికి వచ్చాయి. ఈ అడవి కడుపులోంచి 44 కిలోమీటర్లు తొలిచి శ్రీశైలం నీళ్లను ఫ్లోరైడు నేలకు, నల్లగొండకు తీసుకుపోవాలని ఆ పని. తక్కిన ఆరుగురి ఇండ్లలో ఇంకా ఎదురుచూస్తున్నారు. ఈ పూట ఇంతకన్నా రాయబుద్ధి కావడం లేదు.

మే 4, ఆదివారం. హైదరాబాద్

చెల్లె ఇంటికి వచ్చాను. మెట్రో స్టేషనులో తినుబండారాల మిషను ఒకటి. అద్దం వెనక తీగ మెలికల్లో ప్యాకెట్లు. మెలిక ఒక చుట్టు తిరిగితే ప్యాకెట్టు కింద పడాలి. ఒక పిల్లగాడిది సగం జారి అద్దానికి ఆనుకుని ఆగింది. ఫోన్లో డబ్బులు పోయాయి. పిల్లగాడు మిషనును భుజంతో గుద్దాడు, ఇంకొకాయన కూడా గుద్దాడు, అది కదల్లేదు. అద్దం మీద ఒక ఫోన్ నంబరు ఉంది. దానికి చేస్తే హిందీలో పాట వస్తోంది. అక్కడ అరుగు లేదు, అరుగు మీద సారు లేడు.

మేనల్లుడు చెప్పాడు, 2022 డిసెంబరులో బేగంపేటలో బంగారం ఇచ్చే ఏటీఎం కూడా పెట్టారట. అర గ్రాము నుంచి 100 గ్రాముల దాకా. జపాన్‌లో ఇలాంటి మిషన్లు 40 లక్షలకు అటూఇటుగా ఉన్నాయని కూడా చెప్పాడు. నాకు మాత్రం చిన్నప్పటి రైల్వే బరువు మిషనే గుర్తుకొచ్చింది. ఎర్రబుగ్గలు తిరిగి తిరిగి ఆగగానే అట్టముక్క ఊడిపడేది, ఒక పక్క బరువు, ఇంకో పక్క జాతకం. బరువు ఎన్నడూ నమ్మలేదు, జాతకం మాత్రం జేబులో దాచుకునేవాణ్ని.

మే 20, మంగళవారం. అమ్రాబాద్

నిన్న మాచారంలో ముఖ్యమంత్రి సభ. ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. 12,600 కోట్లు, 2.10 లక్షల గిరిజన రైతులకు సోలార్ మోటార్లు. మంచిదే. కరెంటు కోసం కాచుకోకుండా ఎండతోనే బోరు నడిస్తే గట్టు మీది చేన్లకు ఊపిరి వస్తుంది. అంత లోతున నీళ్లు ఉంటేనే సుమా. సభ జనంతో, ఎండతో మా మిషను రెండు రోజులుగా ఆగకుండా తిరిగింది.

మాపటికి క్యూఆర్ పెట్టె అమ్మేవాడు వచ్చాడు. గోడకు తగిలించి చూపించాడు. ఫోన్ చూపిస్తే పైసలు పోతాయి, పెట్టెలో ఉన్న సిమ్ముకు కబురు వస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది. చిల్లర అక్కర్లేదు, లెక్కపెట్టే పని లేదు, గల్లా తాళం పగలగొట్టే దొంగ భయం లేదు. నిజాలే. నేను ఒకటే అడిగాను: "సిగ్నల్ లేకపోతే?" అడవి అంచున ఊరు మాది, గాలివాన వస్తే ముందు పోయేది టవరే. "పైసలు మళ్లా అకౌంట్ల పడ్తయ్ సార్, టైము పడ్తది" అన్నాడు. "అప్పటిదాకా నీళ్లు?" నవ్వి ఊరుకున్నాడు.

అతను పోయాక మావాడితో చాలాసేపు మాట్లాడాను. బిళ్ల ఇరుక్కుంటే ఎదురుగా ఉన్న మనిషి జేబులోంచి తీసి ఇస్తాడు. ఫోన్లో ఇరుక్కున్న పైసలకు ఎవరి జేబు? పొద్దున నీళ్లకు వచ్చేది ఎక్కువగా పిల్లలు, ముసలివాళ్లు. ఆ ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉంటే అది కూలికి పోయినవాడి జేబులో ఉంటుంది. "గట్లయితే ఇవి దినాం నువ్వే లెక్కవెట్టు చిన్నాయనా" అన్నాడు. సరే అన్నాను. పొద్దు పోని ముసలివాడికి అదొక పని.

నా మాట ఇది. క్యూఆర్ పెట్టుకోనీ, వద్దనను. బిళ్లల పెట్టె మాత్రం తీయొద్దు. 2019 బిళ్లను కూడా గుర్తుపట్టే కొత్త పెట్టె తెప్పించాలి. కరెంటు పోయినా వేసిన బిళ్ల లెక్క మరిచిపోకుండా దానికి చిన్న బ్యాటరీ తగిలించాలి. 1 రూపాయికి ఒక సీసా నిండేట్టు ఇంకో బొత్తాం పెట్టించాలి. ఆ బొత్తాం ఖర్చు నేను పెట్టుకుంటానని చెప్పాను.